వరాలు బతకాలని మొక్కుకున్నాను

ఏప్రిల్ 1, శుక్రవారం

తారీఖు అమ్మడు వేసింది. అమ్మడు నా కోడలు. ఎనిమిదో తరగతి దాకా చదివింది. దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని అందరూ అంటారు, చదువు రాని నేనెలా చెప్పగలను. నేను చెబుతాను, అది రాస్తుంది. నేను మాట్లాడినట్టు రాయొద్దు, పుస్తకాల్లో ఉన్నట్టు రాయి. ఎవరైనా ఏమైనా అంటే మాత్రం అన్నది అన్నట్టే ఉండాలి అని చెప్పాను. ఈ పుస్తకం బియ్యం డబ్బా వెనక ఉంటుంది. ఎవరికీ వినిపించడానికి కాదు. నా వైపు న్యాయం నేను మరిచిపోకుండా ఉండడానికి.

ఇవాళ నాకు అన్యాయం జరిగింది.

గేట్ బజార్ వెనక సందులో మాది చివరి నుంచి రెండో ఇల్లు, పక్కది చిట్టమ్మది. చిట్టమ్మ అరుగు మీద ఆరుగురం ఆడవాళ్ళం అప్పడాలు ఒత్తుతాం. శుక్రవారం పత్రిక వస్తుంది. ఆ రోజు చిట్టమ్మ ఒత్తదు, సీరియల్ చదువుతుంది. ఆమె వాటా అప్పడాలు మేం ఒత్తుతాం. ఏడేళ్ళుగా ఇదే పద్ధతి.

సీరియల్ జగ్గారావు గారిది. ఆయనంత బాగా రాసేవాళ్ళు లేరు. ఆయనంత పొగరుబోతూ లేడు. ఉండేది ఈ బరంపురంలోనే, హల్దియాపదర్‌లో. చూసినవాళ్ళు లేరు. గేటుకు బోర్డు పెట్టారు: ‘ఎవరూ రావద్దు. పాఠకులు అసలే రావద్దు.’ పోయిన జాతరకి మేం ఆరుగురం కలిసి వంద అప్పడాలు పంపితే చీటీతో తిప్పి పంపారు. ‘ఉప్పు ఎక్కువ, ప్రేమ ఎక్కువ. రెండూ నాకు పడవు.’ ఆ చీటీని చిట్టమ్మ చించేస్తుందేమో అనుకున్నాను. దేవుడి పటం వెనక దాచుకుంది.

ఇప్పుడు వస్తున్న కథలో వరాలు అని ఒక పిల్ల. అస్కాలో పంచదార మిల్లు గేటు ఎదురుగా టీ కొట్టు నడుపుతుంది. చెరకు బళ్ళ వాళ్ళందరికీ టీ అదే పోస్తుంది. మొగుడు చెప్పకుండా పోయాడు. అయినా ఎవరి ముందూ ఏడవదు. ఇలాంటి పిల్లకి ఈ వారం జ్వరం వచ్చింది.

జగ్గారావు గారి కథల్లో జ్వరం వస్తే తగ్గదు. మొదటి పుస్తకంలో పిల్ల బావిలో పడింది. రెండో దానిలో పురుట్లో పోయింది. మూడో దానిలో కిటికీ దగ్గర కూర్చుని ఊరికే చచ్చిపోయింది, కారణం కూడా లేదు.

“ఈసారి సంపితే ఊరుకోను,” అన్నాను.

చిట్టమ్మ పత్రిక మడిచి, “నీకు కత అరదం కానేదొదినా. వరాలు సచ్చిపోవాల. సచ్చిపోతేనే అందం,” అంది.

“అయితే నువ్వు సావు. నువ్వూ అందంగా ఉంటావు,” అన్నాను.

అంతే. అంతకన్నా నేనేమీ అనలేదు. చిట్టమ్మ పత్రిక పట్టుకుని లోపలికి పోయి తలుపేసుకుంది. కథ చివరి ముక్క వినకుండా ఉండిపోయాం. మిగతా నలుగురూ నన్నే చూశారు.

ఏప్రిల్ 2, శనివారం

తెల్లారగానే ఠాకురాణి అమ్మవారి దగ్గరికి వెళ్ళాను. జాతర కదా, అమ్మ పుట్టింటికి వచ్చి ఉంది, అడిగితే కాదనదు. జనం మొక్కులకు కట్టిన వేషాలతో వీధి నిండిపోయింది. ఎలుగుబంట్లు, కోతులు, ఇద్దరు శివుళ్ళు.

“తల్లీ, వరాలు బతికితే పులి వేషం కట్టి నీ చుట్టూ తిరుగుతాను,” అని మొక్కుకున్నాను.

అమ్మడు రాయడం ఆపి, “కతలో మనిసికి మొక్కేటత్తా?” అంది. కథలో మనిషికి జ్వరం వస్తే నీకు నిన్న అన్నం ఎందుకు సహించలేదు అని అడిగాను. మళ్ళీ రాస్తోంది.

అరవై ఎనిమిదేళ్ళ మనిషికి పులి వేషం ఎందుకు, కోతి వేషం చాలదా అని కూడా అడిగింది. వరాలు కోతికి సరిపడే మనిషి కాదు.

ఏప్రిల్ 3, ఆదివారం

మొక్కు సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఏప్రిల్ 4, సోమవారం

దాలయ్యకి చెప్పాను. దాలయ్యకి మాత్రమే. మా సందు మొదట్లో దర్జీ. పులి బట్టలు కుట్టాలంటే చెప్పక తప్పదు కదా.

ఏప్రిల్ 5, మంగళవారం

బజారులో వంకాయలు అమ్మే ఒడియా మనిషి నన్ను చూసి, “మావుసీ, వరాలు కెమితి అచ్ఛి?” అని అడిగింది. పిన్నీ, వరాలుకు ఎలా ఉంది అని. ఆవిడకి తెలుగు రాదు. వరాలు ఎవరో కూడా తెలియదు. నాకు వరసకి ఎవరో జబ్బుగా ఉన్నారనుకుంది. కొసరు రెండు వంకాయలు వేసింది, పిల్లకి పెట్టమని.

ఇంకా జ్వరంగానే ఉందమ్మా అన్నాను. అబద్ధం కాదు.

ఏప్రిల్ 8, శుక్రవారం

చిట్టమ్మ నాతో మాట్లాడడం లేదు. నేనూ ఆవిడ అరుగు ఎక్కడం లేదు. నా పీట, నా కర్ర తెచ్చేసుకుని మా ఇంట్లోనే ఒత్తుతున్నాను. అరుగు ఆవిడది, గోడ ఇద్దరిదీ. గోడ పక్కన కూర్చుంటే గాలి బాగా వస్తుందని అక్కడ కూర్చున్నాను. అంతకు మించి ఏమీ లేదు.

అమ్మడు నవ్వుతోంది. నవ్వింది కూడా రాయి అన్నాను.

ఈ వారం కథలో వరాలుకి ఎగశ్వాస. బయట వాన. కొట్టు మూసేసి ఉంది. ఎవరూ లేరు. చిట్టమ్మ ఎంత నెమ్మదిగా చదివిందంటే, నా చెయ్యి ఆగిపోయి పిండి ఉండ ఎండిపోయింది. చివర ‘ఇంకొక వారమే’ అని రాశారట.

సాయంత్రం దాలయ్య వచ్చాడు. జగ్గారావు గారిని చూసే మనిషి ఊళ్ళో ఉన్నాడంటే అది దాలయ్యే. అది కూడా పూర్తిగా చూడడు. కొలతలు ఇవ్వడం ఇష్టం లేక ఆయన పాత చొక్కాని గేటు మీద నుంచి అందిస్తారు. ఆ చెయ్యి చూస్తాడు.

“అప్పా, ఇనేసినాడప్పా,” అన్నాడు దాలయ్య. అక్కని వాడు అప్పా అంటాడు.

“ఎవులు? ఏటి?”

“జగ్గారావు గోరు. నీ మొక్కు ఇనేసినారు. ‘ఊరంతా అమ్మవారు బతికిత్తాది అంటన్నారంట గదా, కత రాసేది నేనా, ఠాకురాణా? సూద్దాం’ అని గేటు ఎనకాల్నుంచి కేకలు.”

“ఆయనకెవులు సెప్పినారు?”

దాలయ్య తన సూది డబ్బా చూసుకుంటున్నాడు.

ఏప్రిల్ 9, శనివారం

అరుగు మీద తీర్పు అయిపోయింది. గోడ ఇవతలికి అన్నీ వినబడ్డాయి.

“మొక్కు నేకుంటే ఆయన ఆలోసించి సంపేటోడు. ఇప్పుడు పంతానికి సంపేత్తాడు.”

“వరాలు ఉసురు ఎర్రమ్మ వొదినికే తగులుతాది.”

“మొక్కుకోడానికి ఈవిడెవులు? కట్టుకున్నోడు వొదిలేసిన పిల్లకి ఈవిడే దిక్కా?”

చివరి మాట చిట్టమ్మది.

నేను గోడ మీద నుంచి తల పెట్టి, “అవునే, నేనే!” అన్నాను. స్టూలు ఒరిగింది. మోకాలు కొంచెం గీరుకుంది. నొప్పి లేదు.

ఇక నా వైపు న్యాయం. ఒకటి, నేను మొక్కింది బతకాలని, చావాలని కాదు. రెండు, చెప్పింది దాలయ్య. మూడోది ఇప్పుడు గుర్తు రావడం లేదు, అదే అన్నిటికన్నా గట్టిది.

ఇప్పటి దాకా రాసినవాటిలో జగ్గారావు పేరు పక్కన గారు తీసెయ్యమన్నాను. కొట్టేస్తే పుస్తకం పాడవుతుందంటోంది. సరే, ఇక్కడి నుంచి ఉండదు.

ఏప్రిల్ 11, సోమవారం

ఈ రోజు జగ్గారావు గురించి ఒక్క మాట కూడా చెప్పను.

ఏప్రిల్ 12, మంగళవారం

ఒక్కడే ఉంటాడట. వండుకునేది కూడా ఆయనే. ఏం తింటాడో.

ఏప్రిల్ 15, శుక్రవారం

కథ రాలేదు.

చిట్టమ్మ పత్రిక మూడుసార్లు తిరగేసిన చప్పుడు వినిపించింది. తర్వాత, “రచయితకి వీలు కాక ఈ వారం నేదంట,” అంది. అప్పడాల కర్రలు ఆగిపోయాయి. ఆ తర్వాత ఒక్కొక్కరే లేచి ఇళ్ళకు పోయారు. పిండి అలాగే ఉంది. ఏడేళ్ళలో ఇలా ఎప్పుడూ జరగలేదు.

కాసేపటికి గోడ అవతల నుంచి చిట్టమ్మ, నాతో కాదు, గోడతో అన్నట్టు, “సంపినా బాగుండేది. ఇదేటి, ఊపిరి మజ్జిలో ఒగ్గేసినాడు,” అంది.

నేను కూడా గోడతోనే, “ఊ,” అన్నాను.

వరాలు అలా మంచం మీద, వానలో, ఎగశ్వాసతో ఉంది. పత్రిక రాకపోతే ఎప్పటికీ అలాగే ఉంటుంది. అది నా వల్లే అంటున్నారు. నా వల్ల కాదని ఇప్పటికి పది పేజీలు చెప్పాను. అమ్మడు పేజీలు తిప్పి చూపించింది. కానీ పది పేజీలు చెప్పుకోవలసి వచ్చిందంటే, కొంచెం నా వల్లేనేమో. ఈ ముక్క చిన్న అక్షరాలతో రాయి అన్నాను.

ఏప్రిల్ 17, ఆదివారం

ఒక ఆలోచన వచ్చింది. మొక్కు ముందే తీర్చేస్తాను.

“వరాలు ఇంకా బతకనేదు గదత్తా. ముందే తీర్సేత్తే అమ్మకి పనేటి?” అంది అమ్మడు.

మాటిచ్చి ఎగ్గొట్టినవాళ్ళనే అమ్మ ఇంతకాలం చూసింది. ముందే ఇచ్చేస్తే మొహమాటపడి చేస్తుంది. పైగా జాతర రోజుల్లో వేషం గుమ్మం ముందుకు వస్తే ఎవరూ పొమ్మనకూడదు. బోర్డు మనుషులకి పెట్టాడు. పులి పాఠకుల్లోకి రాదు.

ఏప్రిల్ 18, సోమవారం

చాలా ఉంది. అమ్మడుకి ముందు టీ ఇచ్చి కూర్చోబెట్టాను.

పాత తెల్ల చీర పసుపులో ముంచి, మసితో చారలు వేశాం. చారలు వంకరగా వచ్చాయి. దాలయ్య అట్ట తలకాయ, గోనెగుడ్డ తోక కుట్టి తెచ్చాడు. చేసిన తప్పుకి దిద్దుబాటుగా ఇద్దరు డప్పుల వాళ్ళని కూడా తెచ్చాడు. తోక నాకన్నా పొడుగు. ముందు అమ్మవారి దగ్గరికి వెళ్ళి చుట్టూ తిరిగాను. ఒక ఎలుగుబంటి నా తోక మూడుసార్లు తొక్కింది.

తర్వాత రిక్షా. “మావుసీ, కువాడె జిబ?” అన్నాడు రిక్షావాడు. ఎక్కడికి వెళ్ళాలని. పులి హల్దియాపదర్ వెళ్ళాలి అన్నాను. వాడు కనుబొమ్మ కూడా ఎత్తలేదు. ఉదయం నుంచి నేను నాలుగో పులినట.

జగ్గారావు ఇంటి గేటు ముందు డప్పు మొదలైంది. ఎంతసేపటికీ తలుపు తియ్యలేదు. కొట్టండిరా అన్నాను. కొట్టారు. పక్క వీధి కుక్కలన్నీ వచ్చాయి. చివరికి చెవులు మూసుకుని ఒక మనిషి బయటికి వచ్చాడు. ఎంత పెద్ద మనిషి ఉంటాడో అనుకున్నాను ఇన్నాళ్ళూ. నా భుజం దాకా ఉన్నాడు. బనీనుకి చిరుగు. ఒక చేతి వేలికి సిరా.

“ఆ డప్పు ఆపమనండి!”

“గేటు తీత్తే ఆపుతారు.”

తీశాడు. ఆపారు.

“ఏం కావాలి?”

“వరాలు.”

“ఎవరు మీరు?”

“పులిని.”

“అది కనబడుతూనే ఉంది. పులికి పేరుందా?”

“ఎర్రమ్మ.”

“ఓహో! ఆ మొక్కు మీదేనా?” అని ఆయన గేటు మళ్ళీ వెయ్యబోయాడు. నా తోక అడ్డం పడి గేటు పడలేదు. “చూడండమ్మా, నా కథలో మీ అమ్మవారికి పని లేదు. వరాలు చచ్చిపోతుంది. అది మొదటి వారమే నిర్ణయమైపోయింది.”

“అమ్మవారిని పక్కనెట్టు బాబూ. నాకు ఒకటే సెప్పు. పది రోజులై కొట్టు మూసున్నాది. రోజూ అక్కడ టీ తాగిన బళ్ళోళ్ళు అంత మంది ఉన్నారు గదా. ‘ఏటి, కొట్టు తెరవనేదు’ అని ఒక్కడూ తలుపు కొట్టనేదేటి?”

“వాన,” అన్నాడు.

“వానొత్తే టీకి ఇంకా ఎక్కువ మంది వత్తారు.”

ఆయన గేటు మీద నుంచి చెయ్యి తీశాడు.

“సరే, బళ్ళోళ్ళని ఒగ్గేద్దాం. వరాలు పక్కింట్లో ఎవులుంటారు?”

“పక్కింటి గురించి నేను రాయలేదు.”

“అదే నేనడుగుతున్నాను. బాయిలో పడ్డదానికి పక్కిల్లు నేదు. పురుట్లో పోయినదానికి పక్కిల్లు నేదు. కిటికీ కాడ కూకున్నదానికి కిటికీ ఉంది గానీ, అందులోంచి సూత్తే కనపడే ఇల్లు నేదు. నీ కతల్లో ఆడోళ్ళు జొరంతో సావట్నేదు బాబూ. పక్కిల్లు నేక సత్తన్నారు.”

డప్పుల వాళ్ళలో ఒకడు “అవును” అన్నాడు. వాడికి కథ తెలియదు, అయినా అన్నాడు.

జగ్గారావు గారు మెట్టు మీద కూర్చున్నారు. నేను కూర్చోలేను, తోక అడ్డం. నిలబడే ఉన్నాను. ఆయన, “రెండు వారాలుగా చంపలేకపోతున్నాను. కూర్చుంటాను, రాదు. మీ మొక్కు వల్ల కాదు,” అన్నారు.

“నేనననేదు.”

“మొక్కు వల్ల మాత్రం కాదు.”

“కాదు బాబూ.”

“పక్కింటామె ఉందనుకుందాం. వచ్చి ఏం చేస్తుంది?”

“ముందు తలుపు ఇరగ్గొడతాది. తర్వాత తిడతాది.”

“జ్వరంతో ఉన్న మనిషినా?”

“తిట్టకపోతే ఎవులొచ్చినారో దానికెలాగ తెలుస్తాది? తిట్టి, జావ కాసి, అది తాగనంటే మళ్ళీ తిట్టి, చెరకు బండి ఆపి, చెరకు కిందికి తోయించి, దాన్ని ఎక్కించి ఆసుపత్రికి తోలుకుపోతాది.”

“బండివాడు ఒప్పుకుంటాడా?”

“ఆణ్ణి కూడా తిడతాది.”

ఆయన వేలికున్న సిరా బనీనుకి తుడుచుకున్నారు. ఇంకేమైనా అంటారని చూశాను. మెచ్చుకుంటారని కాదు. మంచినీళ్ళైనా ఇస్తారని.

“మీ తోక తీసుకుంటే గేటు వేసుకుంటాను,” అన్నారు.

ఇంత మంచి కథలు రాసే మనిషి ఇలా ఎందుకుంటాడు? తోక తీసుకున్నాను. గేటు వేసేశారు. రాసింది చదివి వినిపించింది. అమ్మడూ, గారు మళ్ళీ పెట్టావా? నేను చెప్పానా? సరే, ఉండనీ.

ఏప్రిల్ 19, మంగళవారం

చిట్టమ్మ గోడతో అడిగింది, “ఏటన్నాడంట?”

“తోక తీసుకోమన్నాడు,” అని గోడతో చెప్పాను.

ఏప్రిల్ 22, శుక్రవారం

‘వచ్చే వారం ముగింపు’ అని మాత్రం వేశారు. చనిపోతుందా బతుకుతుందా అని అరుగు మీద రెండు పక్షాలు. చిట్టమ్మ ఏ పక్షమో చెప్పడం లేదట.

ఏప్రిల్ 26, మంగళవారం

నిద్ర లేదు. ఒత్తిన అప్పడాలు గుండ్రంగా రావడం లేదు.

ఏప్రిల్ 29, శుక్రవారం

పొద్దున్నే గోడ దగ్గర కూర్చున్నాను. గాలి లేదు. అయినా కూర్చున్నాను.

చిట్టమ్మ మొదలుపెట్టింది. వాన. మంచం. వరాలు ఊపిరి. నేను పీట ముందు కూర్చుని కళ్ళు మూసుకున్నాను. తర్వాత చిట్టమ్మ ఆగింది. గొంతు సవరించుకుని మళ్ళీ చదివింది. ‘అప్పుడు తలుపు విరిగింది.’

పక్కింటామె వచ్చింది. పేరు పోలమ్మ అని పెట్టారు. ఇన్ని వారాలూ ఎక్కడుందయ్యా అంటే, కూతురి పురుటికి ఊరు వెళ్ళి అప్పుడే వచ్చిందట. సర్దుకున్నారు. కానీ ఆ పోలమ్మని ఎలా రాశారంటే! గొంతు మిల్లు కూత లాంటిదట. మొహం ఎండిన గుమ్మడికాయట. కథ ఒకరు చెబుతుంటే మధ్యలో దూరి తను చెప్పే రకమట. నడుస్తుంటే వెనక కనబడని తోక ఒకటి ఊగుతున్నట్టు ఉంటుందట. అరుగంతా ఒకటే నవ్వు. “ఎర్రమ్మ వొదినే! ఎర్రమ్మ వొదినే!” అని అరుపులు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా మొహం గుమ్మడికాయా? అప్పుడే హల్దియాపదర్ వెళ్ళి ఆ సిరా సీసా ఆయన నెత్తి మీద వంచుదామని లేచాను.

అంతలో పోలమ్మ వరాలుని తిట్టింది. జావ పోసింది. బండి ఆపింది. చెరకు కిందికి తోయించింది. వాగు పొంగి బండి దిగబడితే నడుం లోతు నీళ్ళలో దిగి చక్రం పట్టి తోసింది. నేను మళ్ళీ కూర్చున్నాను. వరాలు ఆసుపత్రిలో కళ్ళు తెరిచింది. బతికింది. అరుగు మీద ఒకటే కేకలు, ఒకటే చప్పట్లు.

“ఉండండి, ఇంకా ఉన్నాది,” అంది చిట్టమ్మ.

నీళ్ళలో నానినందుకు పోలమ్మకి జ్వరం వచ్చింది. నాలుగో రోజు పోయింది. రెండు వాక్యాలు. ఆయనకి ఎవరో ఒకరు చావాలి కదా. చివర వరాలు కొట్టు తెరిచి, మొదటి టీ గ్లాసు పోసి, పక్కింటి గడప మీద పెట్టి వచ్చిందట. అయిపోయింది.

నాకేమీ కాలేదు. కళ్ళలోకి పిండి పోయింది.

గోడ అవతల ముందు ఒకరు ముక్కు చీదారు. తర్వాత ఇంకొకరు. “పాపం, ఎంత మంచి మనిసి. అలాగ అరుత్తాది గానీ,” అన్నారు. “ఇప్పుడు ఎవులు తిడతారు?” అన్నారు ఇంకొకరు. నాలుగు వారాలు వరాలు కోసం ఎదురు చూసినవాళ్ళు ఇప్పుడు వరాలు ఊసే ఎత్తడం లేదు. నా వాకిట్లోకి చెప్పుల చప్పుడు వచ్చింది. చిట్టమ్మ, పత్రిక చేత్తో పట్టుకుని, మొహమంతా నీళ్ళు.

“వొదినా,” అంది. “సచ్చిపోయినావే వొదినా!”

“ఎప్పుడే?”

“నాలుగో రోజు,” అని నన్ను పట్టుకుని ఏడ్చింది. నెల రోజులకి మా ఇంట్లో అడుగు పెట్టింది. వెనకాలే మిగతావాళ్ళు. అందరూ నా చుట్టూ కూర్చుని పోలమ్మ మంచితనం చెప్పుకుంటున్నారు. ఎవరైనా టీ పెట్టండే అంటే వినేవాళ్ళు లేరు. చిట్టమ్మ నాలుగుసార్లు చదివింది, నేను వాగులో దిగే చోటు. నాలుగుసార్లూ బాగానే దిగాను. చచ్చిపోయే చోటు ఒక్కసారే చదవమన్నాను. అది కూడా బాగానే ఉంది. నిజం చెప్పాలంటే, సచ్చిపోతేనే అందం అని చిట్టమ్మ మొదట అన్న మాట కొంచెం అర్థమైంది. ఆవిడకి చెప్పలేదు.

అమ్మడు కూడా ఏడుస్తోంది. పేజీ తడిసిపోతోంది. నువ్వెందుకే ఏడుస్తావు, నేను ఇక్కడే ఉన్నాను కదా, ఆ ముక్క రాయి, ఎర్రమ్మ బతికే ఉంది అని పెద్ద అక్షరాలతో రాయి అన్నాను. కలం కదులుతోంది. అదే రాస్తోందో, పోలమ్మ గురించి రాస్తోందో, నాకేం తెలుసు.